గ్రాఫును భద్రపరచేటప్పుడు వచ్చే "నిర్వచించలేదు" అనే దోషం

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• "పేరు నిర్వచించలేదు" అనే దోషానికి కారణాన్ని గుర్తించగలుగుతారు.
• దానిని ఒక క్రమంలో సరిచేయగలుగుతారు.
• ఖాళీ బొమ్మ రాకుండా గ్రాఫును ఫైలుగా భద్రపరచగలుగుతారు.

1. పరిచయం

పైథాన్ నోట్‌బుక్‌లో గ్రాఫు గీయడం మీరు గత పాఠంలో నేర్చుకున్నారు. ఆ గ్రాఫును ఫైలుగా భద్రపరిస్తేనే నివేదికలో అతికించడానికి, ఇతరులకు పంపడానికి వీలవుతుంది.

మీరు ఒక పాల సేకరణ కేంద్రంలో లెక్కలు చూస్తున్నారనుకోండి. వారం రోజుల పాల సేకరణను నిన్న రాత్రి గ్రాఫుగా గీశారు. ఈ ఉదయం నోట్‌బుక్ తెరిస్తే గ్రాఫు అలాగే కనిపించింది. మధ్యాహ్నంలోగా దానిని కార్యాలయానికి పంపాలి. భద్రపరచే ఆదేశం రాసి నడిపించారు. వెంటనే "నేమ్‌ఎర్రర్: నేమ్ పీఎల్‌టీ ఈజ్ నాట్ డిఫైన్డ్" అనే సందేశం వచ్చింది. అంటే, పీఎల్‌టీ అనే పేరును నిర్వచించలేదని అర్థం. గ్రాఫు కళ్ల ఎదుటే ఉన్నది. మరి పేరు ఎందుకు లేదు?

గమనిక: ఈ పాఠంలో ఆదేశాలను పలికే తీరులో తెలుగులో రాశాం. కంప్యూటరులో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయాలి.

2. తెర వేరు, జ్ఞాపకం వేరు

నోట్‌బుక్‌లో రెండు భాగాలు ఉంటాయి. మీరు చూసే పేజీ ఒకటి. వెనుక ఉండి ఆదేశాలను అమలు చేసే కెర్నల్ రెండవది. పేజీని దుకాణంలోని పద్దు పుస్తకం అనుకుంటే, కెర్నల్ గుమాస్తా వంటిది. గుమాస్తా మారినా పుస్తకంలోని రాతలు చెరిగిపోవు. కాని పాత గుమాస్తాకు తెలిసిన ముద్దుపేర్లు కొత్తవానికి తెలియవు.

కెర్నల్‌ను ఆపి మళ్లీ ప్రారంభించినప్పుడు జరిగేది ఇదే. పాత గ్రాఫు పేజీ మీద నిలిచి ఉంటుంది. కెర్నల్ జ్ఞాపకంలోని పేర్లు మాత్రం పోతాయి.

3. దోషానికి కారణాలు

(అ) సెల్‌ను నడపకపోవడం: "ఇంపోర్ట్ మ్యాట్‌ప్లాట్‌లిబ్.పైప్లాట్ యాజ్ పీఎల్‌టీ" అనే వాక్యం పై సెల్‌లో రాసి ఉంటే చాలదు. కెర్నల్ మొదలైన తరువాత ఆ సెల్‌ను ఒకసారి నడపాలి.

(ఆ) పీఎల్‌టీ లేకుండా పిలవడం: "సేవ్‌ఫిగ్" అని మాత్రమే రాస్తే ఆ పేరు తెలియదని దోషం వస్తుంది. "పీఎల్‌టీ.సేవ్‌ఫిగ్" అని రాయాలి. మ్యాట్‌ప్లాట్‌లిబ్ మొదటిసారి 2003లో విడుదలైంది. కొన్ని పాత నోట్‌బుక్‌లలో పైలాబ్ అనే పద్ధతి వాడేవారు. అది పేర్లన్నిటినీ ఒకేసారి జ్ఞాపకంలోకి తెచ్చేది. అందువల్ల వాటిలో "సేవ్‌ఫిగ్" ఒక్కటే రాసినా పని జరిగేది. అటువంటి ఉదాహరణను చూసి రాసేటప్పుడు జాగ్రత్త వహించండి.

(ఇ) సొంత ఫంక్షన్ నిర్వచనం లేకపోవడం: పుస్తకంలో "సేవ్_గ్రాఫ్" వంటి పేరు ఉంటే అది రచయిత రాసుకున్న ఫంక్షన్ కావచ్చు. "డెఫ్" అనే మాటతో మొదలయ్యే దాని నిర్వచనాన్ని కూడా తెచ్చుకొని, ముందుగా నడపాలి.

(ఈ) అక్షర దోషం: పైథాన్‌కు పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు. ఒక్క అక్షరం మారినా అది మరొక పేరే.

ఇక్కడ ఒక భేదాన్ని గమనించండి. "ఆట్రిబ్యూట్‌ఎర్రర్" అని వస్తే పీఎల్‌టీ అనే పేరు కెర్నల్‌కు తెలుసు, అందులో మీరు అడిగిన ఫంక్షన్ మాత్రం లేదు అని అర్థం. "ఇంపోర్ట్ మ్యాట్‌ప్లాట్‌లిబ్ యాజ్ పీఎల్‌టీ" అని రాసి, "పైప్లాట్" అనే మాటను వదిలివేసినప్పుడు ఇలా జరుగుతుంది.

4. దోషం రాకపోయినా బొమ్మ ఖాళీ

దోష సందేశం మనకు మేలే చేస్తుంది. ఏ సందేశమూ రాకుండా తెల్లని ఖాళీ బొమ్మ తయారైతే, దానిని చూడకుండానే పంపివేసే ప్రమాదం ఉంది. నోట్‌బుక్ సాధారణంగా సెల్ పూర్తికాగానే గ్రాఫును చూపి మూసివేస్తుంది. తరువాతి సెల్‌లో "పీఎల్‌టీ.సేవ్‌ఫిగ్" నడిపితే కొత్త ఖాళీ బొమ్మ భద్రమవుతుంది. "పీఎల్‌టీ.షో" తరువాత రాసినా ఇదే ఫలితం. కనుక గీసిన సెల్‌లోనే, "షో" కంటే ముందే భద్రపరచండి.

5. సరిచేసే క్రమం

1. సందేశంలోని చివరి వరుసను చదివి, ఏ పేరు తెలియదంటున్నదో చూడండి.
2. ఆ పేరు ఏ సెల్‌లో పుట్టిందో వెతికి, ఆ సెల్‌ను నడపండి.
3. గ్రాఫు గీసే సెల్‌ను మళ్లీ నడపండి. దాని చివర పీఎల్‌టీ.సేవ్‌ఫిగ్("పాలు.పీఎన్‌జీ", డీపీఐ=300) అని చేర్చండి. అచ్చుకు 300 డీపీఐ సరిపోతుంది.
4. ఫైలును తెరిచి చూడండి. అది సాధారణంగా నోట్‌బుక్ ఉన్న ఫోల్డరులోనే ఉంటుంది.
5. చివరగా కెర్నల్‌ను మళ్లీ ప్రారంభించి, సెల్‌లన్నిటినీ పైనుంచి కిందికి నడపండి. దోషం రాకపోతే మీ నోట్‌బుక్ రేపు కూడా పనిచేస్తుంది.

పాఠగత ప్రశ్నలు

1. గ్రాఫు తెర మీద కనిపిస్తున్నా పీఎల్‌టీ అనే పేరు ఎందుకు తెలియకపోవచ్చు?
2. "షో" తరువాత భద్రపరిస్తే ఏమవుతుంది?

జవాబులు

1. కెర్నల్ మళ్లీ ప్రారంభమైనప్పుడు దాని జ్ఞాపకంలోని పేర్లు పోతాయి. పేజీ మీది పాత ఫలితం మాత్రం మిగులుతుంది.
2. ఖాళీ బొమ్మ భద్రమవుతుంది.

మీరు నేర్చుకున్నది

తెర మీద ఉన్నదంతా కెర్నల్ జ్ఞాపకంలో ఉండదు. పేరును ముందు తెలియజేయాలి, సరిగా పిలవాలి, గ్రాఫు గీసిన సెల్‌లోనే భద్రపరచాలి. ఫైలును తెరిచి చూసిన తరువాతనే ఇతరులకు పంపాలి.