సంచి ఎవరి చేతిలో ఉంటే నేరం వారిదే

బ్యాంకాక్ నుంచి శంషాబాద్‌లో దిగే ప్రయాణికుల సామాన్లలో కొన్నేళ్లుగా కస్టమ్స్, రెవెన్యూ నిఘా విభాగం (డీఆర్‌ఐ) అధికారులకు తరచూ దొరుకుతున్న సరుకు హైడ్రోపోనిక్ గంజాయి. మట్టితో పనిలేకుండా, మూసిన గదుల్లో దీపాల వెలుతురులో, పోషకాలు కలిపిన నీటితో పెంచిన మొగ్గలవి. గాలి తీసేసిన కవర్లలో సీలు వేసి, చిరుతిళ్ల ప్యాకెట్ల మధ్యో ట్రాలీ బ్యాగు అడుగునో సర్ది తెస్తారు. తెచ్చేవాళ్లలో చాలామంది సరుకు యజమానులు కారు. టికెట్టు, హోటలు ఖర్చు పెట్టుకుంటామని, పైన కొంత చేతిలో పెడతామని ఎవరో అంటే సంచి మోయడానికి ఒప్పుకున్నవాళ్లు. అక్కడ అది నేరమే కాదట కదా అన్న ధీమా కూడా వాళ్లను నడిపిస్తుంది. ఆ ధీమాకు కొంత ఆధారం లేకపోలేదు. థాయ్‌లాండ్ 2022 జూన్ 9న గంజాయిని మాదకద్రవ్యాల జాబితా నుంచి తీసేసింది. వీధివీధికీ దుకాణాలు వెలిశాయి. మరుసటి ఏడాది నవంబరు నుంచి మనవాళ్లకు వీసా లేకుండా వెళ్లే వీలూ వచ్చింది. 2025 జూన్‌లో ఆ ప్రభుత్వమే వెనక్కి తగ్గి, డాక్టరు చీటీ ఉంటేనే మొగ్గలు అమ్మాలంది. అయితే దుకాణాలు బార్లా తెరిచి ఉన్న రోజుల్లోనూ పర్యాటకులు గంజాయిని దేశం దాటించడానికి థాయ్ చట్టం ఒప్పుకోలేదు. కొన్నప్పుడు నేరం కానిది విమానం ఎక్కేటప్పుడు అక్కడ నేరమైంది, దిగాక మన మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 23వ సెక్షన్ కింద అక్రమ దిగుమతి అయింది. గంజాయి మీద ఏ దేశం ఇచ్చిన సడలింపైనా ఆ నేల వరకే. అది ప్రయాణికుడి వెంట రాదు. సరిహద్దు దగ్గరికి వచ్చేసరికి చట్టం బరువంతా సరుకు యజమాని మీద కాక, సంచి పట్టుకున్న మనిషి మీద పడుతుంది. ఈ రెండు సంగతులూ తెలియకుండా బయలుదేరుతున్నవాళ్లే జైళ్లకు చేరుతున్నారు.

మన చట్టం లెక్క కిలోల్లో ఉంటుంది. 1985 నవంబరు 14న అమల్లోకి వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి కిలో లోపు ఉంటే ఏడాది వరకు జైలు, 10 వేల వరకు జరిమానా. కిలో నుంచి 20 కిలోల దాకా పదేళ్ల వరకు పడొచ్చు. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం: పదేళ్లకు తగ్గని, 20 ఏళ్లకు మించని శిక్ష, లక్ష నుంచి 2 లక్షల జరిమానా. చరస్‌కు ఈ హద్దులు ఇంకా దగ్గర, 100 గ్రాములు, కిలో. సరుకును మరోదానిలో కలిపి పలుచన చేస్తే తప్పించుకోవచ్చన్న ఆశ కూడా లేదు. మిశ్రమం మొత్తం బరువే లెక్కలోకి వస్తుందని 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. వాణిజ్య పరిమాణం అయితే బెయిలు దాదాపు అందని పండే. నిందితుడు దోషి కాదని నమ్మడానికి కారణాలున్నాయని, బయటికొచ్చి మళ్లీ నేరం చేయడని జడ్జికి అనిపిస్తే తప్ప 37వ సెక్షన్ గడప దాటనివ్వదు. విచారణ పూర్తయ్యేలోపే ఏళ్లు గడిచిపోతాయి.

నా దగ్గర ఉన్నది కొంచెమే, అదీ డాక్టరు రాసిచ్చిందే అనేవాళ్లు అమెరికా బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి బ్రిట్నీ గ్రైనర్ కేసు చూడాలి. 2022 ఫిబ్రవరిలో మాస్కో విమానాశ్రయంలో ఆమె సామానులో గంజాయి నూనె ఉన్న వేప్ కార్ట్రిడ్జ్‌లు దొరికాయి. నూనె బరువు 0.702 గ్రాములు, గ్రామైనా లేదు. అరిజోనాలో నొప్పుల కోసం వైద్యుడు సిఫారసు చేసిన కాగితం ఉంది. హడావుడిగా సర్దుకోవడంలో పొరపాటున వచ్చాయని ఆమె చెప్పింది. కోర్టు తొమ్మిదేళ్లు వేసింది. ఆ డిసెంబరులో ఖైదీల మార్పిడిలో బయటపడింది కాబట్టి సరిపోయింది. ఆమె కోసం అమెరికా ప్రభుత్వం ఒక ఆయుధ వ్యాపారిని వదిలిపెట్టింది. కరీంనగర్ నుంచో కడప నుంచో గల్ఫ్‌కు వెళ్లే కూలీ కోసం ఏ ప్రభుత్వమూ అంత బేరం ఆడదు. మన దేశంలో ఆయుర్వేద మందుగా చీటీ మీద అమ్మే విజయ తైలానికీ ఇదే వర్తిస్తుంది. ఇక్కడి లైసెన్సు ఇక్కడి వరకే.

తెలియకుండా మోశానంటే? ఆ వాదన నిజమే అయినా దాన్ని నిలబెట్టుకోవడం ఎంత కష్టమో 2019లో దోహాలో పట్టుబడిన ముంబయి దంపతులకు తెలుసు. బంధువు బలవంతం మీద హనీమూన్‌కు వెళ్లారు. ఆ బంధువు ఇచ్చిన ప్యాకెట్‌లో నాలుగు కిలోలకు పైగా చరస్ ఉంది. పదేళ్ల శిక్ష పడింది, బిడ్డ జైల్లోనే పుట్టింది. ఇక్కడ నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో దర్యాప్తు చేసి అసలు మోసం బయటపెట్టాక, 2021లో గానీ నిర్దోషులుగా ఇంటికి రాలేదు. మన చట్టమూ ఇందుకు భిన్నంగా లేదు. సరుకు నిందితుడి స్వాధీనంలో ఉందని ప్రాసిక్యూషన్ మొదట నిరూపించాలని సుప్రీంకోర్టు నూర్ ఆగా కేసులో 2008లో చెప్పింది. అది నిరూపణ అయితే 35, 54 సెక్షన్లు మిగతా బరువును నిందితుడి మీదికి తిప్పుతాయి. నాకు తెలియదని అతనే రుజువు చేసుకోవాలి. బండి యజమానికీ అదే గతి. తనకు తెలియదని, తగిన జాగ్రత్త తీసుకున్నానని చూపించుకోలేకపోతే కారు జప్తు అవుతుంది.

దేశం దాటేవాళ్లకే ఈ ముప్పు అనుకోవద్దు. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు కొండల్లో పండే శీలావతి రకం గంజాయి విశాఖ మీదుగా రైళ్లలో, బస్సుల్లో, అడుగున రహస్య అర కట్టించిన వ్యాన్లలో హైదరాబాద్‌కు, అక్కడి నుంచి మహారాష్ట్రకు పోతుంది. నొక్కి, బ్రౌన్ టేపు చుట్టిన రెండేసి కిలోల ప్యాకెట్లలో కడతారు. పది ప్యాకెట్లతో 20 కిలోలు నిండుతాయి. పదకొండోది పెడితే కనీస శిక్ష పదేళ్లు. ఆ పదకొండో ప్యాకెట్టు సంగతి మోసే కుర్రాడికి ఎవరూ చెప్పరు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయిని పోలీసులు తగలబెట్టారు. అంత సరుకు ఎన్ని చేతులు మారి ఉంటుందో ఊహించుకోవచ్చు.

అమెరికాలో ఉన్న మన పిల్లల పరిస్థితి ఇంకో రకం. చాలా రాష్ట్రాల్లో దుకాణంలో కొనుక్కోవచ్చు. ఫెడరల్ చట్టం మాత్రం ఒప్పుకోదు. గంజాయి చెల్లే ఆరెగాన్ నుంచి, అదీ చెల్లే పక్కనున్న వాషింగ్టన్ రాష్ట్రానికి తీసుకెళ్లినా ఫెడరల్ నేరమే. అమెరికా పౌరుడికి ఇది చాలాసార్లు జరిమానాతో పోతుంది. ఎఫ్-1, హెచ్-1బీ వీసాల మీద ఉన్నవాళ్లకు బతుకుదెరువే పోవచ్చు. శిక్ష పడకపోయినా, గంజాయి దగ్గర పెట్టుకున్నానని అధికారి ముందు ఒప్పుకోవడమే మళ్లీ ఆ దేశంలో అడుగుపెట్టకుండా అడ్డుకోవచ్చు. రాష్ట్ర చట్టం ప్రకారం సక్రమమైన వాడకమైనా పౌరసత్వానికి అవసరమైన సత్ప్రవర్తనకు అడ్డు రావచ్చని ఇమిగ్రేషన్ శాఖ 2019 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. కెనడా 2018 అక్టోబరు 17న పెద్దలందరికీ అనుమతించింది. వైద్యుడి అనుమతి ఉన్నా సరే, సరిహద్దు దాటించనివ్వదు. సింగపూర్ సంగతి చెప్పనక్కర్లేదు. 500 గ్రాములు మించిన రవాణాకు అక్కడ మరణశిక్ష ఉంది, 2023 ఏప్రిల్‌లో కిలో చిల్లర కేసులో ఒకరిని ఉరితీశారు.

దీనికి గట్టి ఆక్షేపణే ఒకటుంది. ప్రపంచం సడలిస్తుంటే, మన పండగల్లో భంగు ఉండగా, ఈ కాఠిన్యం ఎందుకని. 2020 డిసెంబరు 2న ఐక్యరాజ్యసమితి కమిషన్ గంజాయిని అత్యంత ప్రమాదకర జాబితా నుంచి తీసేసినప్పుడు భారత్ కూడా అనుకూలంగా ఓటేసింది. ఆ వాదనలో న్యాయముంది. ఈ మొక్కకూ హెరాయిన్‌కూ ఒకే చట్టం చాలదని నేనూ అనుకుంటాను. కానీ ఆ ఓటుతో గంజాయి 1961 ఒడంబడిక నియంత్రణ నుంచి బయటపడలేదు, మన చట్టంలో ఒక్క అక్షరమూ మారలేదు. ఆకులను మినహాయించి పూత, కాయ ఉన్న కొసలను మాత్రమే గంజాయి అంటుంది కాబట్టే భంగు ఎన్‌డీపీఎస్‌కు చిక్కలేదు. దాన్ని రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాలు చూసుకుంటాయి, కాశీలో చెల్లింది మన దగ్గర చెల్లాలని లేదు. చట్టం మారాలని పోరాడేవాళ్ల మీద నాకు గౌరవమే. చట్టం మారకముందే ఇంకొకరి సంచి మోసిన కుర్రాడికి ఆ పోరాటం బెయిలు తేదు.

మార్చాల్సింది మాత్రం చాలా ఉంది. కుట్రలో భాగమైనవారికీ మోసినవారితో సమానంగా శిక్ష వేయవచ్చని 29వ సెక్షన్ చెబుతోంది. అయినా చాలా కేసులు డ్రైవరు దగ్గరో కూలీ దగ్గరో ఆగిపోతాయి. పట్టుబడిన ఫోన్‌లో ఉన్న నంబర్ల వెంట, టికెట్టు కొన్న బ్యాంకు ఖాతా వెంట దర్యాప్తు నడవాలి. అడిగితే గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుటే ఒంటి తనిఖీ జరగాలన్న హక్కు 50వ సెక్షన్‌లో ఉంది. అది సంచులకు వర్తించదని 2005లో సుప్రీంకోర్టు చెప్పాక మిగిలింది కొంతే, ఆ కొంతనైనా నిందితుడికి తెలుగులో చెప్పాలి. అలవాటుపడి తామే చికిత్సకు వచ్చినవారికి 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. రవాణా సంగతి తెలిసినవారు ఆంధ్రప్రదేశ్‌లో 1972, తెలంగాణలో 1908 నంబర్లకు ఫోన్ చేసి సమాచారం ఇవ్వొచ్చు. బ్యాంకాక్ విమానం ఎక్కే గేటు దగ్గర, విశాఖ రైల్వే ప్లాట్‌ఫాం మీద ఈ సెక్షన్లు, ఈ కిలోల లెక్క పెద్ద అక్షరాల్లో తెలుగులో రాసిపెట్టడానికి పెద్ద ఖర్చు కాదు.