గోధుమ పడదను సందేహము – పరీక్ష అవసరమా?

ఆనేకల్ ప్రాంతమున రాగిసంగటి తరతరాల ఆహారము. నేటి బాలబాలికల సంగతి వేరు. ఉదయము రవ్వ ఉప్మా, మధ్యాహ్నము బిస్కత్తులు, సాయంకాలము బ్రెడ్డు, రాత్రి చపాతి: దినమంతయు గోధుమయే. ఇట్టి ఇండ్లలో బిడ్డకు తరచు కడుపునొప్పి వచ్చినచో, “గోధుమ పడదేమో” యను సందేహము కలుగుట సహజము. అప్పుడు తలిదండ్రులు చేయవలసినదేమో, చేయరానిదేమో ఇచ్చట వివరింప దలచితిమి.

గోధుమ, బార్లీ, రై అను ధాన్యములలో గ్లూటెన్ అను మాంసకృత్తు గలదు. చపాతిపిండికి సాగుడుగుణము నిచ్చునది ఇదియే. సీలియాక్ వ్యాధి గలవారు దీనిని భుజించినప్పుడు శరీరపు రక్షణశక్తియే పొరబడి చిన్నప్రేగు లోపొరను దెబ్బతీయును. ఆహారసారము సరిగా ఒంటబట్టదు. విరేచనములు, కడుపుబ్బరమే గాక, ఇనుపధాతువు మాత్రలకు లొంగని రక్తహీనత, ఎత్తు పెరుగకుండుట, ఎడతెగని అలసట కూడ కలుగవచ్చును. తరగతిలో నీరసముగా కూర్చుండు పిల్లవానిని సోమరియని నిందించుటకు పూర్వము అతని ఆరోగ్యమును విచారించుట మంచిది.

ఈ వ్యాధికి గోధుమయే కారణమని నిరూపించినవాడు హాలెండు దేశపు శిశువైద్యుడు విల్లెమ్ డిక్కె. ఆయన పరిశోధనగ్రంథము 1950లో వెలువడెను. మన దేశమున 2016లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో ఈ వ్యాధిని సూచించు ప్రతిరక్షకములు ఉత్తరాదిని నూటికి 1.23 మందికి, దక్షిణాదిని 0.10 మందికి రక్తమున కనబడెను. దీనికి అనుకూలించు జన్యుగుణము మాత్రము ఉభయత్ర మూడవవంతు మందికి గలదు. గోధుమ వాడుకలో మాత్రము గొప్ప భేదము గలదు. కనుక మన ప్రాంతమున ఇది అరుదైనను లేకపోలేదు. నులిపురుగులు, పాలు అరగకుండుట మున్నగు ఇతర కారణములును ఇట్టి బాధలనే కలిగించును. ఏది కారణమో ఊహచే తేలదు.

ఇక ముఖ్యవిషయము. పరీక్షకు ముందు గోధుమను మానిపింపరాదు. మొదటిది రక్తపరీక్ష, గ్లూటెన్ తినుచున్నప్పుడు రక్తమున పుట్టు ప్రతిరక్షకములను అది వెదకును. గోధుమ మానినచో అవి క్రమముగా తగ్గిపోయి, రోగమున్నను లేనట్లు ఫలితము వచ్చును. ఇదివరకే మానినవారు వైద్యుని సలహాపై మరల కొన్ని వారములు తిని పరీక్షింపించుకొనవలసియుండును.

రక్తపరీక్షలో దోషము కనబడినప్పుడు, సామాన్యముగా నోటిద్వారా సన్నని గొట్టమును పంపి చిన్నప్రేగునుండి చిన్న తునకలను తీసి పరీక్షింతురు. ఇచ్చటనే పలువురు వెనుదీయుదురు. “గోధుమ మానిన చాలదా? బిడ్డకు ఈ బాధ యేల?” అని వారి ప్రశ్న. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని ఈ వ్యాధికి పథ్యము ఒకటి రెండు నెలలది కాదు, యావజ్జీవితము. హాస్టలులోను, పెండ్లిపందిట్లోను, స్నేహితుల ఇంటను పాటింపవలసినది. రోగము లేని బిడ్డపై ఆ భారము మోపుట అన్యాయము. రోగమున్న బిడ్డ నిశ్చయము లేక పథ్యమును సడలించుట అపాయము. రోగము నిశ్చయమైనచో తోబుట్టువులను కూడ పరీక్షింపవలెను. రక్తమున ప్రతిరక్షకములు మిక్కిలి హెచ్చుగా నున్న కొందరు పిల్లలకు, రెండవ రక్తపరీక్షయు దానినే బలపరచినచో, ప్రేగుపరీక్ష లేకయే వైద్యులు నిర్ణయింపగలరు. కావున ఆ మాట వైద్యుని అడుగుట మేలు.

రోగము తేలినను నిరాశ వలదు. రాగులు, జొన్నలు, సజ్జలు, కొర్రలు, బియ్యము — వీనిలో గ్లూటెన్ లేదు. అయితే గోధుమ ఆడించిన మరలోనే రాగులు ఆడించినచో పిండి కలియును. అంగడి ఇంగువలోను గోధుమపిండి కలుపుట కలదు. ఈ రెంటిని గమనింపవలెను.

వైద్యుని యొద్దకు పోవునప్పుడు బిడ్డ వారము దినములలో తినినవాని పట్టికను, ఎత్తు బరువుల లెక్కను వ్రాసికొని పోవుడు. కన్నడమున చెప్పవలసివచ్చినచో గోధుమను ‘గోధి’ యందురు. చెప్పుటకు జంకవలదు. అడిగి తెలిసికొనుట తలిదండ్రుల హక్కు.