ఉత్తేజిత జడవాయు పరమాణువుల ఫోటోఎలక్ట్రాన్ వర్ణపట శాస్త్రం

హీలియం, నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్, జినాన్ వంటి జడవాయువుల పరమాణువులను ముందుగా ఉత్తేజపరచి, పిమ్మట వాటిపై కాంతిని ప్రసరింపజేసి, వెలువడిన ఎలక్ట్రాన్ల గతిజశక్తిని కొలిచి, ఆ పరమాణువుల నిర్మాణాన్ని తెలుసుకొనే శాస్త్రమిది. జడవాయువుల జడత్వం భూస్థితికి, అనగా అత్యల్ప శక్తి గల స్థితికి, మాత్రమే చెందిన గుణమని ఈ పద్ధతి స్పష్టంగా చూపుతుంది.

మూలసూత్రం

1905లో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ కాంతి విద్యుత్ ఫలితానికి ఇచ్చిన వివరణయే దీనికి పునాది. ఫోటాన్ శక్తి నుండి, ఎలక్ట్రాన్‌ను పరమాణువు నుండి విడదీయుటకు కావలసిన శక్తిని తీసివేయగా మిగిలినది ఎలక్ట్రాన్ గతిజశక్తి అవుతుంది. కావున ఫోటాన్ శక్తి తెలిసి, గతిజశక్తిని కొలిస్తే, ఎలక్ట్రాన్ ఎంత గట్టిగా బంధింపబడి ఉన్నదో లెక్కించవచ్చు.

ఉదాహరణకు ఆర్గాన్‌ను తీసుకొందాం. భూస్థితిలోని ఆర్గాన్ అయనీకరణ శక్తి 15.76 ఎలక్ట్రాన్ వోల్టులు. దాని 3పి ఎలక్ట్రాన్లలో ఒకటి 4ఎస్ ఆర్బిటాల్‌కు చేరినపుడు ఏర్పడే అత్యల్ప ఉత్తేజిత స్థితి శక్తి 11.55 ఎలక్ట్రాన్ వోల్టులు. అనగా బయటి ఎలక్ట్రాన్‌ను తొలగించుటకు ఇక 4.21 ఎలక్ట్రాన్ వోల్టులు చాలును. 266 నానోమీటర్ల లేజరు కాంతి (4.66 ఎలక్ట్రాన్ వోల్టులు) ఈ పరమాణువు నుండి 0.45 ఎలక్ట్రాన్ వోల్టుల గతిజశక్తితో ఎలక్ట్రాన్‌ను వెలువరించగలదు. అదే కాంతిలోని ఒక్క ఫోటాన్ భూస్థితిలోని ఆర్గాన్‌ను అయనీకరించలేదు. వాయువులో ఉత్తేజిత పరమాణువులు బహు స్వల్పంగా ఉన్నప్పటికీ వాటిని విడిగా గుర్తించగలుగుటకు ఇదియే కారణం.

క్షారలోహాలతో పోలిక

ఉత్తేజిత జడవాయు పరమాణువు బయటి ఎలక్ట్రాన్ బంధనశక్తి, ఆవర్తన పట్టికలో దాని తరువాతి మూలకమైన క్షారలోహపు అయనీకరణ శక్తికి దగ్గరగా ఉంటుంది. దిగువ విలువలన్నియు ఎలక్ట్రాన్ వోల్టులలో ఉన్నవి. ప్రతి జడవాయువుకు దాని అత్యల్ప ఉత్తేజిత స్థితిని తీసుకొనడమైనది.

* హీలియం 4.77 – లిథియం 5.39
* నియాన్ 4.95 – సోడియం 5.14
* ఆర్గాన్ 4.21 – పొటాషియం 4.34
* క్రిప్టాన్ 4.08 – రుబిడియం 4.18
* జినాన్ 3.81 – సీసియం 3.89

ఉత్తేజిత పరమాణువుల తయారీ

సాధారణంగా ఉత్తేజిత పరమాణువు క్షణకాలంలోనే కాంతిని వెలువరించి భూస్థితికి చేరుతుంది. అయితే వరణ నియమాల వలన కొన్ని స్థితులకు ఆ మార్గం దాదాపు మూసుకొనిపోతుంది. వీటిని మెటాస్టేబుల్ స్థితులు అంటారు. పై పట్టికలోని స్థితులన్నియు ఇట్టివే. హీలియం అత్యల్ప ఉత్తేజిత స్థితి జీవితకాలం సుమారు 7,900 సెకన్లు, అనగా రెండు గంటలకు పైమాటే. విద్యుదుత్సర్గం ద్వారా గాని, ఎలక్ట్రాన్లతో ఢీకొట్టించి గాని వీటిని తయారుచేస్తారు. లేజరు కాంతితో వీటిని మరింత ఎత్తైన స్థితులకు చేర్చవచ్చు.

చరిత్ర

1868 ఆగష్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరు నుండి పియరీ జాన్సెన్, మచిలీపట్నం నుండి నార్మన్ పోగ్సన్ పరిశీలించారు. సూర్యజ్వాలల వర్ణపటంలో ఆనాడు కనిపించిన పసుపుపచ్చ గీత హీలియందని తరువాత తేలింది. ఆ గీత హీలియం యొక్క రెండు ఉత్తేజిత స్థితుల మధ్య జరిగే మార్పు వలన ఏర్పడుతుంది. ఇట్టి గీత రెండు స్థితుల మధ్య శక్తి భేదాన్ని తెలుపుతుంది. ఫోటోఎలక్ట్రాన్ వర్ణపటం దీనికి తోడు, ఎలక్ట్రాన్ వెళ్ళిపోయిన పిమ్మట ఏ స్థితిలోని అయాన్ మిగిలినదో కూడా తెలుపుతుంది.

1962లో డేవిడ్ టర్నర్ లండన్‌లో హీలియం దీపపు 58.4 నానోమీటర్ల కాంతితో వాయువుల ఫోటోఎలక్ట్రాన్ వర్ణపటాలను నమోదు చేశాడు. ఈ కాంతి కూడా ఉత్తేజిత హీలియం నుండి వెలువడేదే. ఎలక్ట్రాన్ వర్ణపట శాస్త్రాన్ని అభివృద్ధి చేసినందుకు కాయ్ సీగ్బాన్‌కు 1981లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

స్వయం అయనీకరణ

కొన్ని ఉత్తేజిత స్థితుల శక్తి అయనీకరణ శక్తిని మించి ఉంటుంది. అట్టి పరమాణువు మరొక ఫోటాన్ అవసరం లేకుండగనే ఎలక్ట్రాన్‌ను విడిచిపెడుతుంది. హీలియం రెండు ఎలక్ట్రాన్లూ ఒకేసారి ఉత్తేజితమైతే సుమారు 60.15 ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద ఇట్టి స్థితి ఏర్పడుతుంది. 1963లో మ్యాడెన్, కాడ్లింగ్ సింక్రోట్రాన్ కాంతితో దీనిని పరిశీలించారు. ఇట్టి స్థితుల వర్ణపట రేఖలు ఒకవైపుకు ఒరిగినట్లు ఉండుటకు కారణాన్ని ఊగో ఫానో 1961లో ప్రచురించిన సిద్ధాంతం వివరిస్తుంది.

ప్రాముఖ్యత

బయటి ఎలక్ట్రాన్ వదులుగా ఉన్నందున ఉత్తేజిత జడవాయువులు క్షారలోహాలవలె హాలోజన్లతో తాత్కాలికంగా కలుస్తాయి. ఎక్సైమర్ లేజర్లు ఈ గుణంపైననే ఆధారపడి ఉన్నాయి. ఆర్గాన్ ఫ్లోరైడ్ లేజరు యొక్క 193 నానోమీటర్ల కాంతిని కంటి శస్త్రచికిత్సలోను, కంప్యూటర్ చిప్‌ల తయారీలోను వాడుతారు. హీలియం–నియాన్ లేజరులో మెటాస్టేబుల్ హీలియం తన శక్తిని నియాన్‌కు అందిస్తుంది. ఇట్టి సాధనాలలో జరిగే ప్రక్రియలను లెక్కించుటకు ఉత్తేజిత పరమాణువుల బంధనశక్తులు, అవి కాంతివలన అయనీకరణం చెందే తీరు తెలిసి ఉండాలి.