పైరు చెప్పిన ప్రాచీన చరిత్ర

ముంగిట తీర్చిన ముగ్గుమీద ప్రాకు చీమకు తెల్లని పిండిచార యొక్కటే కనబడును. అది పద్మమో రథమో దానికి తెలియదు. అరుగుమీద నిలిచిన పసిబిడ్డ ఆ ముగ్గునంతను ఒక్క చూపున గ్రహించును. ప్రాచీన మానవుడు నేలమీద నిర్మించిన ఆరాధనా స్థలముల విషయమును ఇట్టిదే. నాగటి పోట్లకు చదునై, వేలయేండ్లు కంటికానక యున్న ఆ స్థలముల రూపము, ఆకాశమునుండి తీసిన ఛాయాచిత్రములలో మరల పొడకట్టినది.

ఇంగ్లండు దక్షిణభాగమున, విల్ట్‌షైరు మండలములో స్టోన్‌హెంజి అను జగత్ప్రసిద్ధమైన శిలావలయము కలదు. 1906లో బ్రిటిషు సైన్యపు బెలూను దళమునకు చెందిన షార్ప్ అను అధికారి దానిని పైనుండి ఛాయాచిత్రములు తీసెను. పిమ్మట మొదటి ప్రపంచ యుద్ధములో శత్రువుల కందకముల జాడ తీయుటకై వైమానికులు ఈ విద్యలో ఆరితేరిరి. యుద్ధము ముగిసినంత అదే విద్య చరిత్రకు ఉపకరించెను.

ఈ మార్గమునకు ఆద్యుడు ఓ. జి. ఎస్. క్రాఫర్డు. ఇతడు 1886లో మన బొంబాయి నగరమున జన్మించి, బ్రిటిషు భూమాపన శాఖలో పురావస్తు అధికారిగా పనిచేసెను. స్టోన్‌హెంజినుండి వెడలు పురాతన వీథి యొకటి కలదు. దాని కిరుప్రక్కల కందకములు, కట్టలు ఉండెడివి. కొంత దూరము తరువాత దున్నకములో పడి దాని జాడ లేకపోయెను. 1921లో వైమానిక దళము తీసిన చిత్రములను 1923లో పరిశీలించుచుండగా, క్రాఫర్డునకు పొలములో రెండు సన్నని రేఖలు ఏవన్ నదివైపు మరలుచు కనబడెను. ఆ రేఖలమీద త్రవ్వి చూడగా కందకములు బయల్పడెను. చిత్రము చెప్పిన సాక్ష్యమును పలుగు పార ధ్రువపరచినవి.

ఇంతకంటె ఆశ్చర్యకరమైనది వుడ్‌హెంజి కథ. స్టోన్‌హెంజికి సుమారు రెండు మైళ్ల దూరములో, దున్నిన చేనిలో అరిగిపోయిన దిబ్బ యొకటి యుండెను. అది పాత సమాధి యని పండితులు తలంచిరి. 1925 డిసెంబరులో ఇన్‌సాల్ అను వైమానికుడు దానిపై ఎగురుచు, వలయములో తెల్లని చుక్కలు బారులు తీరి యుండుట చూచెను. మరుసటి వేసవిలో చేను గోధుమపైరుతో నిండగా, ఆ చుక్కలు మరింత స్పష్టముగా చిత్రములో పడెను. 1926 మొదలు 1928 వరకు మాడ్ కన్నింగ్టన్, ఆమె భర్త అచట త్రవ్వించిరి. ఆరు వరుసలలో 168 గుంతలు బయటపడెను. అవి క్రీ.పూ. 2500 ప్రాంతమున నిలిపిన కొయ్య స్తంభముల గుంతలు. వలయముల అక్షము నడివేసవి సూర్యోదయ దిశకు చూచుచుండెను. నడుమ సుమారు మూడేండ్ల శిశువు సమాధి కలదు.

కొయ్య యెన్నడో మట్టిలో కలిసిపోయెను. అట్లయ్యు పైరు దాని జాడ నెట్లు చెప్పగలిగెను? పూర్వము త్రవ్విన గుంత కాలక్రమమున మెత్తని మట్టితో పూడును. అచట తేమ యెక్కువ నిలుచును. వేరు లోతుకు పారి, పైరు ఏపుగా పెరిగి ఆలస్యముగా పండును. అడుగున రాతిగోడ యున్నచో పైరు గిడసబారి ముందుగనే పసుపువన్నె కెక్కును. చేలో నడచువానికి ఈ భేదము తెలియదు. పైనుండి చూచువానికి పటము గీసినట్లుండును.

ఇట్టి చిత్రములను ఒకచోట కూర్చి చూడగా, ఆ కట్టడములు దేనికవి విడివిడి వస్తువులు కావని తేలెను. వుడ్‌హెంజి ప్రక్కనున్న డరింగ్టన్ వాల్స్ అను మహావలయమునుండి కూడ ఒక వీథి అదే నదికి దిగుచున్నట్లు 2005లో త్రవ్వకములవలన కనుగొనబడెను. కొయ్య వలయములు జీవించియున్న వారికి, శిలావలయము పితరులకు చెందినవనియు, నది ఈ రెంటిని కలుపు మార్గమనియు మైక్ పార్కర్ పియర్సన్, మడగాస్కరు పండితుడు రమిలిసొనిన ప్రతిపాదించిరి. ఇది అందరు అంగీకరించిన సిద్ధాంతము కాదు. కాని ఒక్కొక్క రాతిని గాక ఆ ప్రదేశమునంతను ఏకముగా చదువవలెనను దృష్టి దృఢపడినది.

ఛాయాచిత్రమే తుది తీర్పు కాజాలదు. నేలలోని సహజమైన బీటలు, నేటి నీటిగొట్టములు గూడ పైరులో చారలు తీర్చును. త్రవ్విచూచినగాని నిజము నిలువదు. మరియు ఈ రేఖలు ఏటేట కనబడవు. వానలు కురిసిన యేడు పైరంతయు ఒక్కతీరున పచ్చగా నుండును. అనావృష్టియందే భేదము పొడచూపును. 2018 జూలైలో ఐర్లండును క్షామము పీడించుచుండగా, న్యూగ్రేంజి సమాధి సమీపమున ఆంథొనీ మర్ఫీ, కెన్ విలియమ్స్ అనువారు డ్రోను నెగురవేసి, అంతవరకు ఎవరును ఎరుగని మహావలయమును చూచిరి. రైతునకు కన్నీరు తెచ్చిన యేడే చరిత్రకారునకు పంట పండినది.

ఇందొక విషాదమును గలదు. కట్టలను చదును చేసి ఈ స్థలములను మరుగుపరచినది నాగలి. వాటిని చూపుచున్న పైరును పెంచునదియు నాగలియే. ప్రతి దుక్కిలోను అది అడుగున మిగిలిన కందకమును కొంత గోకివేయుచున్నది. కందకము పూర్తిగా చెరిగిననాడు ఎంతటి క్షామము వచ్చినను పైరు పలుకదు. అప్పుడు నాటి ఛాయాచిత్రమే ఆ స్థలమునకు మిగిలిన శాసనము. కావుననే చేను పలికిన యేటనే చిత్రించి, భద్రపరచి, తరువాతివారి కందించుట నేటితరము కర్తవ్యమై యున్నది.