పళ్లెంలో ఎడమ సగం

పక్షవాతం అనగానే మనకు కాలు, చెయ్యి, మాటే గుర్తొస్తాయి. మన సొసైటీకి వచ్చే అర్జీలూ అలాగే ఉంటాయి: వాకర్ కావాలి, మందులకు సాయం కావాలి. కానీ కాస్త కోలుకుని నడక మొదలుపెట్టిన మనిషి ప్రతిసారీ గుమ్మం ఎడమ అంచుకే గుద్దుకుంటున్నా, పళ్లెంలో కుడివైపు అన్నం తినేసి, ఎడమవైపు కూర అలాగే ఉండగా “కూర వెయ్యలేదేం?” అని అడుగుతున్నా అది కాలి జబ్బు కాదు. ఇంట్లోవాళ్లు మొండితనం అనుకుంటారు, వయసు మీద పడిందనుకుంటారు. వైద్యులు దీన్ని స్పేషియల్ నెగ్లెక్ట్ అంటారు.

మెదడు కుడి భాగం దెబ్బతిన్నవారిలో ఇది ఎక్కువ. కళ్లు బాగానే ఉంటాయి. ఎడమవైపు ఒకటుందన్న ధ్యాసే రాదు. చూపు సగం పోయినవారు తల తిప్పి వెతుక్కుంటారు. వీరు వెతకరు. వారి లెక్కలో అక్కడ పోయిందేమీ లేదు మరి. 1978లో ఇటలీ వైద్యులు బిసియాక్, లుజాటి ఇలాంటి రోగులను మిలాన్ నగర కూడలిని మనసులో ఊహించుకుని వర్ణించమన్నారు. ఒక చివర నిలబడినట్టు ఊహించుకున్నప్పుడు కుడివైపు భవనాలే చెప్పారు. ఎదుటి చివర నిలబడ్డట్టు ఊహించుకోమంటే, ఇందాక వదిలేసినవి చెప్పి, ఇందాక చెప్పినవి వదిలేశారు. ఉప్పల్ చౌరస్తా మనకెంత తెలిసినదో ఆ కూడలి వారికంత తెలిసినదే.

మన ఇళ్లలో గుర్తుపట్టడం కష్టం కాదు. వజూలో ఎడమ చెయ్యి తడవకుండా మిగలవచ్చు. గడ్డం ఒకవైపే దువ్వుకోవచ్చు. తెలుగు పేపరు చదివితే పంక్తి మొదటి మాటలు పోతాయి. ఉర్దూ, అరబీ కుడి నుంచి ఎడమకు కాబట్టి చివరి మాటలు పోతాయి. పంక్తి ఎడమ చివర ఎర్ర గీత గీసి, అది కనబడేదాకా చూపు జరపమనడం చికిత్సలో ఒక పద్ధతి.

గుర్తుపట్టాక లెక్క రాసుకోవాలి. కేథరిన్ బెర్జెగో స్కేల్ అని ఒకటుంది. తిండి, గడ్డం గీసుకోవడం, ఎడమ చొక్కా చెయ్యి తొడుక్కోవడం, ఎడమవైపు నుంచి పిలిస్తే పలకడం వంటి 10 పనులను చూసి, ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు వేస్తారు. మొత్తం 30. 10 లోపు తేలిక, 20 దాటితే తీవ్రం. అవే ప్రశ్నలు రోగినీ అడుగుతారు. ఆయన “నాకేం లేదు” అని అన్నిటికీ సున్నా చెప్పి, చూసినవారి లెక్క 18 వస్తే, ఆ తేడాయే అసలు ప్రమాదం. తనకు లోపం ఉందని తెలియనివాడే బోడుప్పల్‌లో వరంగల్ రోడ్డు ఒంటరిగా దాటబోతాడు.

మార్పు ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే కనబడుతుంది కాబట్టి, 15 రోజులకోసారి ఒకే మనిషి వెళ్లి చూసి రాయడం మేలు. దీనికి యంత్రాలు అక్కర్లేదు. శిక్షణ పొందిన కార్యకర్త, ఆటో చార్జీ, జిరాక్సు కాగితాలు చాలు. దాతలు వీల్‌ఛైర్‌తోపాటు ఈ రాకపోకల ఖర్చూ ఇస్తే ఆ వీల్‌ఛైర్ సరిగ్గా వాడుకలోకి వస్తుంది. ఆ కాగితం ఫిజియోథెరపిస్టుకు చూపించాలి. ఈఎస్ఐ కార్డున్న కార్మిక కుటుంబాలకు నాచారం ఈఎస్ఐ ఆస్పత్రి దగ్గరే.

ఒక్క జాగ్రత్త. పలకరించేటప్పుడు ఎడమవైపు నుంచి పలకరించండి గాని, మంచినీళ్లు, ఫోను మాత్రం మొదట్లో కుడివైపే పెట్టండి. లోపం ఉన్నట్టుండి పెరిగినా, మూతి వంకరపోయినా కాగితం పక్కన పెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి.