రైడ్ రిజర్వేషన్ – క్యూలో నిరీక్షణ

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో 1999లో ఫాస్ట్‌పాస్ పద్ధతిని ప్రవేశపెట్టారు. సందర్శకులు తిరిగి రావలసిన సమయం ముద్రించిన చీటీ తీసుకొని, ఆ వేళకు వేరే క్యూలో త్వరగా లోపలికి వెళ్ళేవారు. దీనివల్ల అందరి నిరీక్షణా తగ్గుతుందా? మీరే లెక్క వేసి చూడండి.

ఒక రైడ్ గంటకు 1,000 మందిని ఎక్కించుకోగలదనుకుందాం. రిజర్వేషన్ లేనప్పుడు మీ ముందు 100 మంది ఉంటే 6 నిమిషాలు ఆగితే చాలు. గంటకు 800 స్థానాలు చీటీదారులకు కేటాయిస్తే సాధారణ క్యూకు మిగిలేవి 200. అప్పుడు అదే 100 మంది వెనుక మీరు 30 నిమిషాలు నిలబడాలి. పైగా, చీటీదారులు ఈలోగా మరో రైడ్ క్యూలో చేరితే అక్కడా రద్దీ పెరుగుతుంది.

అంటే, రిజర్వేషన్ రైడ్ సామర్థ్యాన్ని పెంచదు. ఎవరు ఎంతసేపు ఆగాలో మాత్రమే మారుస్తుంది. కాబట్టి ఈ పద్ధతిని అంచనా వేసేటప్పుడు చీటీ లేనివారి నిరీక్షణను కూడా లెక్కలోకి తీసుకోవాలి.