పునాది బీటలు – వాని మరమ్మతు

మన వేలూరు, గుడియాత్తం ప్రాంతములందు ఇండ్లకు పరీక్షాకాలము కార్తీకమాసపు వానలే. 2021వ సంవత్సరము నవంబరులో పాలారును, కౌండిన్యనదియు పొంగినవి. ఆ నెల 19వ తేదీన పేర్ణాంబట్టులో వానకు నానిన గోడ కూలి తొమ్మండుగురు మరణించిరి. వారిలో నలుగురు పిల్లలు. 29వ తేదీన వేలూరుకు పడమటగా సుమారు 60 కిలోమీటర్ల దూరమున 3.6 పరిమాణముగల భూకంపము కలిగెను.

బీట కనబడగానే మేస్త్రిని పిలిచి సిమెంటు పూయించుట మనవారి వాడుక. ఇది పుండు కడుగక కట్టు కట్టుట వంటిది. ఒక పాఠశాలలో (పేరు అనవసరము) వార్షికోత్సవమునకు ముందు బీటను సున్నముతో కప్పిరి. మరుసటి వానలకు అది అదేచోట తెరచుకొనెను.

మొదట తెలియవలసినది బీట కదలుచున్నదా, నిలిచినదా యనునది. దానికి అడ్డముగా సన్నని గాజుముక్కను ఇరువైపుల సిమెంటుతో అంటించి తేదీ వ్రాయవలెను. గాజు పగిలినచో బీట కదలుచున్నదన్నమాట. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకొనును గావున, ఒక వానకాలము, ఒక వేసవి గడచువఱకు చూడవలెను. అయితే గోడ ఉబ్బినను, బీట మెట్లవలె ఏటవాలుగా సాగి నానాటికి వెడల్పగుచున్నను, గాజుముక్కతో కాలయాపన చేయరాదు. వెంటనే ఇంజనీరును పిలువవలెను.

నిలిచిన సన్నబీటను కొంచెము వెడల్పుగా చెక్కి, దుమ్ము దులిపి, తడిపి, సిమెంటు గారతో నింపవచ్చును. బరువు మోయు కాంక్రీటు పగిలినచో, పొడిగానున్న బీటలోనికి ఎపాక్సీ జిగురును ఒత్తిడితో ఎక్కింతురు. కదలు బీటకు సాగెడు పదార్థమే తగినది. గట్టి సిమెంటు ప్రక్కనే మరల పగులును. తేమ తగులు ఇనుపకడ్డీ కాంక్రీటునందు బీట 0.2 మిల్లీమీటరును మించరాదని భారత ప్రమాణము 456 చెప్పుచున్నది. ఏలయన నీరు చేరిన కడ్డీ త్రుప్పుపట్టి, ఉబ్బి, కాంక్రీటును లోపలినుండి పగులగొట్టును. అట్టిచోట పైపూత దండుగ. చెడిన భాగమును చెక్కి, త్రుప్పు గీకి, క్రొత్తగా పోయవలెను.

కందకపు నీటి ప్రక్కనే వేలూరుకోట నిలిచియున్నదే యని కొందఱు అడుగుదురు. 16వ శతాబ్దపు ఆ గ్రానైటు దిమ్మెలకును, మన తొమ్మిదంగుళముల యిటుకగోడకును పోలిక లేదు. డాబామీది నీరు పునాదిచెంత పడకుండ గొట్టమును దూరముగా మరల్చి, నేలను వెలుపలికి వాలుగా చేయవలెను. జిగురుకంటె ఈ పని చౌక. ఇది చేయక చేసిన మరమ్మతు నిలువదు.

బడిగోడపై తేదీ వ్రాసిన గాజుముక్క ఎక్కడనైన కనబడినచో, దానిని పీకవద్దని పిల్లలకు చెప్పుడు.